కొలత కూడా ఒక సాక్ష్యమే

బజారులో ఒక వర్తకుడు ధాన్యం రాశి పోసి అమ్ముతున్నాడు. పైకి అంతా పొడిగానే ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ దారిన వెళుతూ ఆగి, రాశి లోపలికి చేయి పోనిచ్చి చూశారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగారు. వాన పడి తడిసిందని వర్తకుడు బదులిచ్చాడు. తడిసిన గింజలను కొనేవారికి కనిపించేలా పైనే ఉంచవలసింది కదా అని ప్రవక్త (స) మందలించారు. మోసగించేవానికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో నమోదైన ఈ సంఘటన మనలో చాలామందికి తెలిసినదే.

దీనిని ఒక తనిఖీ అధికారి కళ్లతో మళ్లీ చదివి చూడండి. పైపైన చూసి నిర్ణయించలేదు. లోపలి నుంచి నమూనా తీసి పరీక్షించారు. లోపానికి కారణం అడిగారు. లోపాన్ని దాచకుండా వెల్లడించాలని ఆదేశించారు. నేటి పరిశ్రమలలో నాణ్యతా పరీక్ష అనే శాస్త్రం ఈ నాలుగు మెట్ల మీదే నిలబడి ఉంది. హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో వేలాదిమంది ఉద్యోగులు రోజూ చేస్తున్నది ఈ పనే. వారిలో మన పిల్లలూ ఉన్నారు. అయినా ఆ పని స్వభావమేమిటో, దాని బరువెంతో మన ఇళ్లలో చాలా తక్కువమందికి తెలుసు.

రెండు రహదారులు, రెండు లోకాలు

నాగపూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్ ఉంది. కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉంది. ఔటర్ రింగు రోడ్డు ఈ రెండింటినీ కలుపుతుంది. మేడ్చల్ పారిశ్రామికవాడ షెడ్లలో లేత్ యంత్రాలు, మిల్లింగ్ యంత్రాలు ఇనుమును, ఉక్కును, అల్యూమినియాన్ని చెక్కుతుంటాయి. శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళితే 1999లో రూపుదిద్దుకున్న జీనోమ్ వ్యాలీ కనిపిస్తుంది. మన దేశపు కోవిడ్ టీకాలలో ఒకటైన కోవాగ్జిన్ ఈ ప్రాంతపు ప్రయోగశాలల్లోనే పుట్టింది.

ఒకచోట లోహం, మరొకచోట ఔషధం. పైకి పొంతన లేని ఈ రెండు లోకాలలో ఒక పని మాత్రం ఉమ్మడిగా ఉంది. తయారైన ప్రతి వస్తువునూ ఎవరో ఒకరు కొలిచి, పరీక్షించి, కాగితం మీద ఒక అంకె రాసి, కింద సంతకం పెట్టాలి. ఆ సంతకం పడేదాకా వస్తువు గేటు దాటదు.

మేడ్చల్ వంటి చోట ఒక షెడ్డులో చెక్కిన ఇరుసు, ఇంకెక్కడో తయారైన బేరింగులో సరిగ్గా కూర్చోవాలి. ఇద్దరు పనివారూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. వారిద్దరినీ కలిపేది కొలత ఒక్కటే. మామూలు మైక్రోమీటరు మిల్లీమీటరులో నూరో వంతును చూపుతుంది. అంతకన్నా సూక్ష్మమైన తేడాలను మైక్రాన్లలో చెబుతారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. రంధ్రాలను పరీక్షించే ప్లగ్ గేజ్‌కు రెండు కొసలుంటాయి. ఒక కొస రంధ్రంలోకి దూరాలి, రెండోది దూరకూడదు. మొదటిది దూరకపోయినా, రెండోది దూరినా ఆ వస్తువును పక్కన పెట్టవలసిందే.

ఎండ పెంచే ఉక్కు

ఇక్కడ సామాన్యులకు తోచని చిక్కు ఒకటి ఉంది. వేడికి లోహం సాగుతుంది. ఒక మీటరు ఉక్కు కడ్డీ ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు పదకొండున్నర మైక్రాన్లు పెరుగుతుంది. అందుకే కొలతలన్నిటికీ ప్రామాణిక ఉష్ణోగ్రతగా 20 డిగ్రీల సెల్సియస్‌ను 1931లోనే అంతర్జాతీయంగా నిర్ణయించారు. మన మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద 40 డిగ్రీలు ఉందనుకుందాం. నిజానికి 100 మిల్లీమీటర్లే ఉండవలసిన ఉక్కు ముక్క అక్కడ 23 మైక్రాన్లు ఎక్కువ పొడవు ఉంటుంది. అప్పుడే చెక్కిన వేడి ముక్కను, చల్లని గదిలో ఉంచిన మైక్రోమీటరుతో కొలిస్తే పరికరం అబద్ధమాడదు, కాని కొలిచినవాడు పొరబడతాడు. కొలత గదులకు ఏసీలు పెట్టేది, వస్తువును నల్ల గ్రానైట్ బల్ల మీద గంటల తరబడి చల్లబరిచేది ఇందుకే. తొందరపాటు ఈ వృత్తికి తొలి శత్రువు.

వస్తువు లోపలి లోపాన్ని పట్టుకోవడం ఇంకో విద్య. కుండ కొనేటప్పుడు మన పెద్దవాళ్లు వేలితో తట్టి చూసేవారు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే పగులుంది. కుండ పగలకొట్టకుండానే పగులును కనిపెట్టే ఆ పద్ధతికి నేటి పేరు నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్. వెల్డింగ్ అతుకు మీద ఎర్రని రంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్లని పొడి చల్లితే కంటికి కనిపించని పగులు ఎర్రని గీతగా బయటపడుతుంది. గర్భిణికి స్కాన్ చేసినట్టే లోహంలోకి అతిధ్వని తరంగాలను పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి లోపలి డొల్లను గుర్తిస్తారు.

ఇదే మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో, ఈసీఐఎల్ సమీపంలో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం అందిస్తోంది. యురేనియం బిళ్లలను నింపే అక్కడి జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల గోడ అర మిల్లీమీటరు కన్నా పల్చగా ఉంటుంది. ప్రతి గొట్టాన్నీ అతిధ్వని తరంగాలతో పరీక్షిస్తారు. మూతలు అతికిన తరువాత హీలియం వాయువుతో కారుడు పరీక్ష చేస్తారు. అణు కేంద్రం లోపల ఆ గొట్టం చిట్లితే మార్చడం సులభం కాదు. కనుక లోపం ఇక్కడే, ఇప్పుడే దొరకాలి.

కొలతకూ ఒక సనదు

అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. వస్తువును మైక్రోమీటరుతో కొలుస్తాం, మరి మైక్రోమీటరును దేనితో కొలవాలి?

ఈ ప్రశ్నకు జవాబు మన పాఠకులకు ఇతరులకన్నా త్వరగా అర్థమవుతుంది. హదీసును స్వీకరించే ముందు ముహద్దిసులు దాని సనదును పరిశీలించేవారు. ఎవరి నుంచి ఎవరు విన్నారు, మధ్యలో లంకె తెగిందా, ప్రతి ఉల్లేఖకుడూ నమ్మదగినవాడేనా అని జల్లెడ పట్టేవారు. ఒక్క లంకె తెగితే ఆ ఉల్లేఖనం బలహీనమయ్యేది. హదీసు పవిత్రత వేరు, పరిశ్రమ వ్యవహారం వేరు. అయినా కొలతల శాస్త్రం సరిగ్గా ఇలాంటి గొలుసునే కోరుతుంది. షెడ్డులోని మైక్రోమీటరును స్లిప్ గేజ్ అనే ప్రామాణిక ఉక్కు దిమ్మెలతో సరిచూస్తారు. ఆ దిమ్మెలను గుర్తింపు పొందిన కాలిబ్రేషన్ ప్రయోగశాల సరిచూస్తుంది. ఆ ప్రయోగశాల పరికరాలు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణాలకు ముడిపడి ఉంటాయి. అక్కడి ప్రమాణం ప్రపంచమంతా అంగీకరించిన నిర్వచనానికి ముడిపడి ఉంటుంది. వెలుగు శూన్యంలో ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో ప్రయాణించే దూరమే మీటరు అని 1983లో నిర్వచించారు.

కిలోగ్రాము కథా ఇలాంటిదే. పారిస్ శివార్లలో భద్రపరిచిన ఒక లోహపు స్థూపమే ఒకప్పుడు లోకానికంతటికీ కిలోగ్రాము. దాని నకళ్లలో 57వ నంబరుది మన దేశానికి దక్కింది. 2019 మే 20 నుంచి ఏ లోహం మీదా ఆధారపడకుండా, ప్లాంక్ స్థిరాంకం అనే ప్రకృతి నియమంతో కిలోగ్రామును నిర్వచిస్తున్నారు. మే 20వ తేదీకి ప్రత్యేకత ఉంది. 1875లో అదే రోజున 17 దేశాలు మీటరు ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. ఉస్మానియా సామ్రాజ్యం వాటిలో ఒకటి. స్వతంత్ర భారతదేశం 1957లో చేరింది.

ఈ గొలుసులో ఇంకొక అందమైన నియమం ఉంది. ప్రయోగశాల ఇచ్చే కాలిబ్రేషన్ పత్రంలో కొలతతోపాటు అనిశ్చితిని కూడా రాయాలి. అంటే, ఈ దిమ్మె పొడవు ఇంత, ఇందులో ఇంత మేర అటూఇటూ ఉండవచ్చు, నూటికి 95 పాళ్లు నమ్మవచ్చు అని ఒప్పుకోవాలి. తన ఎరుకకు హద్దు ఎక్కడుందో చెప్పని కొలతను ఈ శాస్త్రం పూర్తి కొలతగా లెక్కించదు. వినయం ఇక్కడ సద్గుణం మాత్రమే కాదు, నిబంధన కూడా.

శామీర్‌పేటలో చెరపకూడని అంకె

ఔషధ ప్రయోగశాలలో త్రాసుకు అద్దాల గది ఉంటుంది. తలుపు తెరిచి ఉంటే గాలి కదలికకే అంకె మారుతుంది. గ్రాములో పదివేల వంతును చూపడం అక్కడ మామూలు సంగతి. అంతకన్నా సూక్ష్మమైన త్రాసులైతే పాత్ర మీద పడిన వేలిముద్ర బరువును కూడా చూపిస్తాయి.

టీకా విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. అందులో సూక్ష్మజీవులేవీ లేవని నిర్ధారించే పరీక్షకు నమూనాను పోషక ద్రవాలలో ఉంచి 14 రోజులు ఎదురుచూడాలి. ఎంత డబ్బు పెట్టినా ఆ 14 రోజులను 13 చేయలేరు. నింపిన సీసాలను నల్లని తెర ముందు ఒకసారి, తెల్లని తెర ముందు ఒకసారి పట్టుకుని కంటితో చూస్తారు. ఆ పని చేసేవారి చూపును క్రమం తప్పకుండా పరీక్షిస్తారు. తెలిసే లోపమున్న సీసాలను మంచివాటిలో కలిపి, వారు పట్టుకోగలరో లేదో చూస్తారు. పరీక్షించేవారికీ పరీక్ష తప్పదన్నమాట. సంస్థ సొంత పరీక్షలు ముగిశాక కూడా టీకా బ్యాచ్ ప్రభుత్వ ప్రయోగశాల అనుమతి పొందాలి. హిమాచల్‌ప్రదేశ్‌లోని కసౌలీలో ఉన్న కేంద్ర ఔషధ ప్రయోగశాల ఇందుకు ప్రసిద్ధి.

అక్కడి నోటు పుస్తకాల నియమం మన పిల్లలకు చెప్పదగినది. అంకె తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు, తెల్ల రంగు పూయకూడదు. పాతది కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కారణం, తేదీ, సంతకం చేర్చాలి. తప్పు చేయడం నేరం కాదు, తప్పును దాచడమే నేరం. తడిసిన గింజలను రాశి పైన ఉంచమన్న బోధకు ఇంతకన్నా దగ్గరి ఆచరణ ఏముంటుంది?

సాక్ష్యం తప్పినప్పుడు

1990లో అమెరికా అంతరిక్షంలోకి పంపిన హబుల్ టెలిస్కోపు మసక చిత్రాలు పంపింది. విచారిస్తే దాని పెద్ద అద్దం అంచు వద్ద సుమారు రెండు మైక్రాన్లు ఎక్కువగా అరిగిందని తేలింది. అద్దాన్ని పరీక్షించిన పరికరంలోనే ఒక కటకం 1.3 మిల్లీమీటర్ల తేడాతో అమరింది. అంతకన్నా విచారకరమైన సంగతి వేరే ఉంది. మరో సాధారణ పరికరం లోపాన్ని ముందే చూపింది. గొప్ప పరికరం పొరబడదన్న నమ్మకంతో ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిచేసేదాకా లోపం అలాగే ఉండిపోయింది.

అక్కడ పోయింది డబ్బు, కాలం. 2022లో గాంబియాలో పోయినవి పసి ప్రాణాలు. దగ్గు, జ్వరం సిరప్పులు తాగిన దాదాపు 70 మంది పిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని మరణించారు. మన దేశంలో తయారైన నాలుగు సిరప్పులలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ అనే విషాలు అనుమతికి మించి ఉన్నట్టు పరీక్షలలో తేలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అక్టోబరులో హెచ్చరించింది. తయారీదారు వద్ద మిగిలిన నమూనాలలో దోషం కనిపించలేదని మన ప్రభుత్వ ప్రయోగశాల ఫలితం వచ్చింది. రెండు సాక్ష్యాలు రెండు మాటలు చెప్పాయి. ఆ తల్లుల దుఃఖానికి ఈ తగాదా ఊరట కాలేదు. 2023 జూన్ 1 నుంచి దగ్గు సిరప్పులను ఎగుమతికి ముందు ప్రభుత్వం గుర్తించిన ప్రయోగశాలలో పరీక్షించడం తప్పనిసరి అయింది. సిరప్పులో వాడే ద్రవంలో ఈ విషాన్ని పట్టుకునే పరీక్ష కొత్తదేమీ కాదు. దానిని ప్రతిసారీ, ఎవరూ చూడకపోయినా చేయడమే అసలు పని.

మన వారసత్వం

తూనికలలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ దివ్యఖుర్‌ఆన్‌లో ఒక సూరాయే అవతరించింది. అది 83వ సూరా అల్ ముతఫ్ఫిఫీన్. హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) మద్‌యన్ ప్రజలకు ఏకదైవారాధన బోధించిన వెంటనే చెప్పినది తూనికలు, కొలతలు నిండుగా ఉంచమనే.

ఈ బోధ గ్రంథాలకే పరిమితం కాలేదు. బజార్లను తనిఖీ చేసే ముహ్‌తసిబ్ అనే అధికారి ముస్లిం నగరాలలో ఉండేవాడు. ఈజిప్టులో ఉమయ్యద్, అబ్బాసీ పాలకుల కాలంలో నాణేలు తూచడానికి ముద్ర వేసిన గాజు తూనికరాళ్లు వాడారు. లోహాన్ని ఎవరికీ తెలియకుండా అరగదీయవచ్చు. గాజును గీకితే ఇట్టే తెలిసిపోతుంది. అల్ బీరూనీ లోహాల, రత్నాల సాంద్రతలను నీటి సహాయంతో కొలిచాడు. మర్వ్ నగరవాసి అల్ ఖాజినీ 1121లో ‘మీజానుల్ హిక్మహ్’ అనే గ్రంథంలో అయిదు పళ్లేల త్రాసును వర్ణించాడు. కల్తీ బంగారాన్ని, నకిలీ రత్నాన్ని నీటిలో తూచి పట్టుకోవడం దాని ప్రయోజనం. ఒక త్రాసు మీద పెద్ద గ్రంథమే రాయడం ఆ కాలపు పండితునికి చిన్నతనమనిపించలేదు.

మన యువకుల ముందున్న పరీక్ష

ఐటీఐ, డిప్లొమా చదివిన మన యువకులకు ఈ రంగంలో గౌరవమైన ఉపాధి ఉంది. బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి సహాయంతో మొదలైన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఇలాంటి సాంకేతిక విద్యకు పేరుపొందింది. వెల్డింగ్ అతుకులను పరీక్షించే సర్టిఫికెట్లు పొందినవారికి గల్ఫ్ దేశాల చమురు శుద్ధి కర్మాగారాలలోనూ పనులుంటాయి. ప్రయోగశాల పరీక్షలు బీఎస్సీ, ఫార్మసీ చదివిన ఆడపిల్లలకూ అనువైన పని. ఓపిక, శుభ్రత, ఏకాగ్రత ఈ వృత్తికి పెట్టుబడి.

అయితే ఈ ఉద్యోగంలో చేరిన ప్రతివారికీ ఏదో ఒక రోజు ఒక పరీక్ష ఎదురవుతుంది. లారీ గేటు దగ్గర నిలబడి ఉంటుంది. సరుకు ఆలస్యమైతే జరిమానా. ఇరవై ముక్కలు కొలవవలసిన చోట అయిదే కొలిచారు. మిగిలిన పదిహేనుకూ అంకెలు రాసేయమని పైవారి నుంచి మాట వస్తుంది. సరుకు బాగానే ఉండవచ్చు. ఎవరికీ నష్టం జరగకపోవచ్చు. అయినా కొలవని అంకెను రాయడం, చూడనిదాన్ని చూశానని చెప్పడమే. అబద్ధపు సాక్ష్యాన్ని ప్రవక్త (స) ఘోరపాపాలలో ఒకటిగా లెక్కించారు. న్యాయస్థానంలో నిలబడి చెప్పినా, తనిఖీ పత్రంలో నీలి సిరాతో రాసినా సాక్ష్యం సాక్ష్యమే. ముతఫ్ఫిఫీన్ అంటే త్రాసు పట్టిన కిరాణా వర్తకుడే అనుకోవద్దు. మైక్రోమీటరు పట్టినవాడూ ఆ హెచ్చరిక పరిధిలోకి వస్తాడు.

అలాంటి వేళ కుర్రవాడు ఒక్కడే నిలబడలేడు. ఇంటికి జీతం తేవలసిన భారం అతని మీద ఉంటుంది. ఉద్యోగం పోతే పోనీ, సంతకం మాత్రం అమ్ముకోకు అని చెప్పే తల్లిదండ్రులు వెనుక ఉంటే అతనికి ధైర్యం వస్తుంది. ఇంకా ఎంత జీతమని అడిగే ఇల్లు, ఈ రోజు ఏం కొలిచావని కూడా అడగాలి.

ఇంటి నుంచే మొదలు

కొలత పట్ల గౌరవం ఇంట్లోనే అలవడుతుంది. దుకాణపు త్రాసు మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో పిల్లలకు చూపించండి. పెట్రోలు బంకులో అనుమానం వస్తే అయిదు లీటర్ల ప్రామాణిక పాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మనకుంది. ఇంటికొచ్చే గ్యాస్ సిలిండరులో 14.2 కిలోల గ్యాస్ ఉండాలి, తూచి ఇవ్వమనండి. బంగారం కొంటే హాల్‌మార్కుతోపాటు ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్కు నగలు అమ్మకూడదు. మన దేశపు ఉలమాలు ఏడున్నర తులాలుగా, అంటే 87.48 గ్రాములుగా లెక్కించే జకాత్ నిసాబు కూడా చివరికి ఒక తూనికే. తూనిక తప్పితే ఆరాధన లెక్కా తప్పుతుంది.

పసిబిడ్డకు టీకా వేయించేటప్పుడు సీసా మీది చిన్న గుర్తును గమనించండి. వృత్తంలో ఒక చతురస్రం ఉంటుంది. వేడి తగిలేకొద్దీ ఆ చతురస్రం ముదురుతుంది. చుట్టూ ఉన్న వృత్తం కన్నా లేతగా ఉంటే టీకా వాడదగినది. దానితో సమానమైనా, అంతకన్నా ముదిరినా వాడకూడదు. తయారీ కేంద్రం నుంచి మీ వీధి ఆరోగ్య కేంద్రం దాకా నడిచిన సాక్ష్యాల గొలుసులో చివరి లంకె ఆ బిడ్డ తల్లి చూపే.

ఆ గొలుసు మొదట్లో ఎక్కడో మన బిడ్డల్లాంటి ఒక యువకుడో యువతో త్రాసు ముందు కూర్చుని అంకె రాసి సంతకం పెట్టి ఉంటారు. మనం వారి పేరు ఎరుగం, వారు మన ముఖం ఎరుగరు. అయినా మన బిడ్డ ప్రాణం వారి నిజాయితీ మీద ఆధారపడి ఉంది. అదే అమానతు. రేపు త్రాసులు నిలిపే రోజున మన కర్మలు తూచబడతాయని నమ్మే మనం, ఈ రోజు మన చేతిలోని త్రాసును సూటిగా పట్టుకుందాం. అందుకు తగిన శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.